అల్యూమినా పలకకు గ్రాఫైట్ పూత: కెమెరాలో 9 డిగ్రీలు తగ్గింది, థర్మోకపుల్‌లో 1 డిగ్రీ పెరిగింది. ఎందుకు?

దీపకళిక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒకే పలకతో కుస్తీ పడుతున్నాను. రెండు పరికరాలు రెండు మాటలు చెబుతున్నాయి. దేన్ని నమ్మాలో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

నేను తయారు చేస్తున్నది ఒక ఎల్‌ఈడీ దీపం లోపలి భాగం. 50 మిల్లీమీటర్ల చదరపు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ సిరామిక్) పలక, 96 శాతం రకం, మందం 1 మిల్లీమీటరు. దాని నడిమధ్య 5 మిల్లీమీటర్ల చదరంలో ఎల్‌ఈడీ చిప్పులున్నాయి. వాటినుంచి వేడిగా బయటపడేది 4 వాట్లు. ఫ్యాను లేదు. హీట్ సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు ముక్క) పెట్టడానికి దీపం ఆకారంలో చోటు లేదు. పలక రెండు ముఖాలకూ గాలి తగులుతుంది, అంతే.

గది 30 డిగ్రీలున్నప్పుడు పలక వెనకవైపు, చిప్పులకు సరిగ్గా ఎదురుగా అతికించిన థర్మోకపుల్ (తాకి ఉష్ణోగ్రత కొలిచే సన్నని తీగ) 130 డిగ్రీలు చూపిస్తోంది. మూలల్లో 82. అరచేతిలో పట్టే పలకలోనే 48 డిగ్రీల తేడా! నడుమ అంత వేడెక్కుతుంటే మూలలు తమ వంతు పని చేయకుండా మిగిలిపోతున్నాయి. ఆ వేడిని నాలుగు వైపులకూ పంచగలిగితే చిప్పుల ఆయుష్షు పెరుగుతుంది.

గ్రాఫైట్‌కు పొరల వెంబడి ఉష్ణవాహకత రాగికి నాలుగు రెట్లు దాకా ఉంటుందని చదివి గ్రాఫైట్ స్ప్రే తెచ్చాను. పలక వెనకవైపు పూసి, 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, మెత్తని గుడ్డతో మెరిసేదాకా రుద్దాను. పూత మందం సుమారు 20 మైక్రాన్లు వచ్చింది. థర్మల్ కెమెరాతో అదే ముఖాన్ని చూస్తే నడిమి ఉష్ణోగ్రత 121కి దిగింది. ఆ రాత్రి చాలా సంతోషంగా నిద్రపోయాను. మర్నాడు నమ్మకం కోసం థర్మోకపుల్ అతికిస్తే 131 వచ్చింది. పూత లేనప్పటికంటే ఒక డిగ్రీ ఎక్కువ!

మూడు విషయాలు తెలియాలి. ఏ కొలత నిజం? గ్రాఫైట్‌కు అంత వాహకత ఉంటే నా పలకలో అది ఎక్కడికి పోయింది? స్ప్రే వదిలేసి, సిరామిక్ మీదే అసలైన గ్రాఫైట్‌ను పెంచవచ్చా? 1100 డిగ్రీల వరకు వెళ్లే ట్యూబు కొలిమి నాకు అందుబాటులో ఉంది. అల్యూమినియం నైట్రైడ్ పలకకు మారితే బాధ తీరుతుందని తెలుసు. కానీ అల్యూమినా పలకలు చాలా చేయించి పెట్టుకున్నాను, వాటితోనే పని జరగాలని కోరిక.

కొలతబద్ద

మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. థర్మోకపుల్‌ను నమ్మండి.

కెమెరా నేరుగా కొలిచేది ఉష్ణోగ్రతను కాదు. ఉపరితలం నుంచి వచ్చే పరారుణ కిరణాలను అందుకుని, మీరిచ్చిన ఉద్గారత (ఉపరితలం కిరణాలను ఎంత బాగా వదులుతుందో 0 నుంచి 1 మధ్య చెప్పే అంకె) విలువను బట్టి ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది. అల్యూమినా కోసం 0.9 పెట్టి ఉంటారు, పూత తర్వాత దాన్ని మార్చి ఉండరు. మెరిసేదాకా రుద్దిన గ్రాఫైట్ ఉద్గారత అంతకంటే తక్కువ. అసలు విలువ 0.8 అయి, కెమెరాలో 0.9 అని ఉంటే, 130 డిగ్రీల వస్తువు సుమారు 122లా కనిపిస్తుంది. మీకు కనిపించిన 9 డిగ్రీల లాభంలో దాదాపు అంతా ఇదే.

థర్మోకపుల్‌లో పెరిగిన ఆ ఒక్క డిగ్రీని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అది కూడా నిజమే అయి ఉంటుంది. ఫ్యాను లేని చోట, ఈ ఉష్ణోగ్రతల దగ్గర, పలక వదిలే వేడిలో సగానికి పైగా పరారుణ కిరణాలుగానే పోతుంది. మీరు ఒక ముఖాన్ని మెరిపించి ఆ దారిని కొంచెం ఇరుకు చేశారు. పూత వల్ల వేడి పక్కలకు పాకి కలిగిన కొద్దిపాటి లాభాన్ని ఆ నష్టం మింగేసింది.

ఇకపై కెమెరాతో చూసేటప్పుడు పూత ఉన్న పలక మీద, లేని పలక మీద ఒకే రకం నల్ల టేపు ముక్క అంటించి, ఆ ముక్కనే చూడండి. థర్మోకపుల్ తీగ కూడా వీలైనంత సన్నగా ఉండాలి. లావు తీగ తానే వేడిని లాగేస్తుంది.

మసిబొగ్గు

నల్లటి వస్తువు వేడిని బాగా వెదజల్లుతుంది కదా. రుద్దకుండా గరుకుగా, నల్లగా వదిలేస్తే తెల్ల అల్యూమినా కంటే మేలు కాదా? నేను అల్యూమినియం డబ్బాలకు నల్ల పూత వేయించినప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది.

కొలతబద్ద

మసిబొగ్గు గారూ, మీ డబ్బాల విషయంలో మీరన్నది నిజం. మెరుగుపెట్టిన అల్యూమినియం ఉద్గారత 0.05 దగ్గర ఉంటుంది, నల్ల పూతతో 0.9కు చేరుతుంది. ఆ తేడా చాలా పెద్దది.

అల్యూమినా సంగతి వేరు. అది తెల్లగా ఉండటం మన కంటికి మాత్రమే. వంద డిగ్రీల వస్తువు వదిలే కిరణాల తరంగదైర్ఘ్యం ఎక్కువగా 8 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ అల్యూమినా దాదాపు నల్లటి వస్తువే. దాని మీద ఇంకో నలుపు వేసి సంపాదించేది ఏమీ ఉండదు.

కొలిమిసెగ

దీపకళిక గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. పనికిరాని ఫలితాన్ని దాచకుండా, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా సిరామిక్ కొలిముల దగ్గర పనిచేశాను, అందులో ఆరేడేళ్లు కార్బన్ పూతల మీదే గడిచాయి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక లెక్క. పలక వెంబడి వేడి ఎంత సులువుగా పాకుతుందో తేల్చేది వాహకత ఒక్కటే కాదు, వాహకతను మందంతో గుణించిన విలువ. కాలువలో నీరు ఎంత వేగంగా పారినా, కాలువ వెడల్పు బెత్తెడే అయితే పొలం తడవదు. మీ అల్యూమినా వాహకత 24 (మీటరుకు, డిగ్రీకి వాట్లలో). మందం 1 మిల్లీమీటరు. రెండూ గుణిస్తే డిగ్రీకి 0.024 వాట్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ఇక మీద ఏ పూతనైనా దీనితోనే పోల్చి చూడాలి.

మీ స్ప్రే పూతకు 20 మైక్రాన్ల మందం ఉంది. దాని వాహకత 20 అనుకుందాం, బైండరు (రేకులను పట్టి ఉంచే జిగురు) కలిసిన పూతకు ఇది తక్కువేమీ కాదు. గుణిస్తే 0.0004. అంటే పలకకు ఉన్న శక్తికి మీరు కలిపింది వందలో రెండు వంతులు కూడా లేదు. నడిమి వేడిలో దానివల్ల తగ్గేది ముప్పాతిక డిగ్రీ. కొలతబద్ద గారు చెప్పిన నష్టం అంతకంటే ఎక్కువ, కాబట్టి 131 రావడంలో వింత లేదు.

మరి రాగికి నాలుగు రెట్లు అన్న మాట ఎక్కడిది? అది అబద్ధం కాదు. చక్కగా అమరిన గ్రాఫైట్ స్ఫటికంలో పొరల వెంబడి వాహకత 1900 దాటుతుంది, రాగిది 400. అదే గ్రాఫైట్‌లో పొరలకు అడ్డంగా కొలిస్తే 5 నుంచి 10 మాత్రమే. ఒకే పదార్థంలో రెండు దిక్కులకు ఇంత తేడా! పొర లోపల కార్బన్ అణువులు గట్టి బంధాలతో అల్లుకుని ఉంటాయి, వేడి ఆ అల్లిక కంపనాలుగా పరుగెత్తుతుంది. పొరకూ పొరకూ మధ్య 0.335 నానోమీటర్ల ఎడం, బలహీనమైన ఆకర్షణ తప్ప అక్కడ గట్టి బంధమేదీ లేదు.

మీ స్ప్రేలో ఉన్నవి ఆ స్ఫటికపు చిన్న చిన్న రేకులు. చెట్టు కింద ఎండుటాకుల్లా ఒకదాని మీద ఒకటి, తలో దిక్కుకూ పడి ఉంటాయి, మధ్యలో బైండరు. ఒక్కో రేకు లోపల వేడి పరుగెత్తుతుంది, అంచు దగ్గర ఆగిపోతుంది, బైండరు దాటి పక్క రేకులోకి మళ్లీ మొదలవ్వాలి. రుద్దడం వల్ల పై రేకులు కొంత పడుకుంటాయి, కానీ వాటి మధ్య అతుకులు పోవు. “గ్రాఫైట్” అన్న పేరు చూసి వాహకతను ఊహించుకోవడమే ఈ రంగంలో మొదటి పొరపాటు. కార్బన్ ఎలా అమరిందన్నదే అడగాలి. నేను కూడా మొదటి రెండేళ్లూ ఆ పొరపాటే చేశాను.

ఇక మీ కొలిమి సంగతి. 1000 నుంచి 1100 డిగ్రీల దగ్గర మీథేన్ పంపితే అల్యూమినా మీద నల్లగా, అద్దంలా కార్బన్ పేరుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు చాలా అందంగా ఉంటుంది. నేను తీసిన మొదటి పలకను చాలా కాలం బల్ల మీదే పెట్టుకున్నాను. కానీ ఆ కార్బన్‌లో పొరలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు, తలో కోణంలో తిరిగి ఉంటాయి. పొరల మధ్య ఎడం 0.344 నానోమీటర్ల దాకా సాగుతుంది, స్ఫటికాలు మరీ చిన్నవి. వాటిని సర్దాలంటే 2800 డిగ్రీలు, ఇంకా పైకి వెళ్లాలి. మార్కెట్‌లో దొరికే పైరోలిటిక్ గ్రాఫైట్ షీట్లను అలాగే చేస్తారు. పాలీఇమైడ్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పొరను ముందు కార్బన్‌గా కాల్చి, తర్వాత 3000 డిగ్రీలకు దగ్గరగా తీసుకెళ్తారు. మీ అల్యూమినా 2072 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. సిలికాన్ నైట్రైడ్ 1900 చుట్టుపక్కల విడిపోతుంది. అల్యూమినియం నైట్రైడ్ కూడా అంతవరకు నిలవదు. సిరామిక్ మీద గ్రాఫైట్ పెంచాలనుకునేవారందరికీ ఎదురయ్యే గోడ ఇదే: కార్బన్‌ను సర్దే వేడి దాని కింద ఉన్న పలకను బతకనివ్వదు.

దీనికి ఒక పక్కదారి ఉంది, నికెల్. సన్నని నికెల్ పొర వేసి, 900 నుంచి 1000 డిగ్రీల దగ్గర కార్బన్‌ను అందులో కరగనిచ్చి, మెల్లగా చల్లారిస్తే, కరిగిన కార్బన్ పైకి తేలి గ్రాఫైట్‌గా పేరుకుంటుంది. 3000 డిగ్రీలు లేకుండానే మంచి అమరిక వస్తుంది. అయితే నికెల్ మరీ సన్నగా ఉంటే అల్యూమినా మీద నిలవక పూసల్లా ముడుచుకుంటుంది. వచ్చే గ్రాఫైట్ కూడా చాలా పలచన. ఒక మైక్రాను మందం, 1000 వాహకత సాధించారనుకున్నా, మన లెక్కలో అది 0.001. మీ పలకకు వందకు నాలుగు వంతులు. చూశారా, మళ్లీ మందం దగ్గరే ఆగాం.

సిరామిక్ నుంచే గ్రాఫైట్ పుట్టే సందర్భం కూడా ఒకటుంది. 1890ల్లో అమెరికన్ ఆవిష్కర్త ఎడ్వర్డ్ అచెసన్ తాను తయారు చేస్తున్న సిలికాన్ కార్బైడ్‌ను మరీ ఎక్కువ వేడి చేస్తే సిలికాన్ ఆవిరైపోయి గ్రాఫైట్ మిగలడం గమనించాడు. కృత్రిమ గ్రాఫైట్ పరిశ్రమ అక్కడి నుంచే మొదలైంది, ఆయన పేటెంటు 1896 నాటిది. ఇప్పుడు సిలికాన్ కార్బైడ్ స్ఫటికం మీద గ్రాఫీన్ (గ్రాఫైట్‌లోని ఒక్కో పొర) పెంచేది కూడా ఇదే సూత్రంతో. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను. కానీ మూడు పొరల గ్రాఫీన్ అంటే ఒక నానోమీటరు మందం. దానికి 2000 వాహకత ఇచ్చినా 0.000002 వస్తుంది. ట్రాన్సిస్టర్లకు అది బంగారం, మీ దీపానికి ఎందుకూ పనికిరాదు.

పెంచిన పూత నిలవడం ఇంకో పరీక్ష. 1000 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు అల్యూమినా సుమారు 0.8 శాతం కుంచించుకుపోతుంది. గ్రాఫైట్ పొరల వెంబడి దాదాపు కుంచించుకోదు. కింద నేల దగ్గరవుతుంటే పైన చాప ముడతలు పడినట్టు, పూత బుడగలుగా లేస్తుంది. నా పలకల్లో సగం కొలిమిలోనే అలా పోయాయి. అన్నట్టు, గ్రాఫైట్ పూతకు టేపు అంటించి పీకే పరీక్ష చేసి నిరాశపడకండి. గ్రాఫైట్ తన పొరల మధ్యనే చీలుతుంది, పలకకు ఎంత గట్టిగా అంటినా టేపుకు నల్లగా వస్తుంది. 2004లో భౌతిక శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ టేపుతోనే గ్రాఫీన్‌ను విడదీసి చూపించారు, 2010 నోబెల్ వారికి దక్కింది.

అయినా కొలిమిలో ప్రయత్నిస్తానంటే ఆపను. రెండు మాటలు మాత్రం తప్పక వినండి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే పేలుతుంది. ట్యూబులోని గాలిని ఆర్గాన్‌తో పూర్తిగా తరిమాకే వేడి చేయాలి, బయటికి వచ్చే వాయువును గదిలోకి వదలకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయకండి. రెండోది, వచ్చిన పూతను రంగు చూసి మెచ్చుకోకుండా రామన్ పరీక్ష (లేజరు కాంతితో అణువుల అమరికను చూసేది) చేయించండి. 1580 దగ్గరి గీత గ్రాఫైట్‌ది, 1350 దగ్గరిది లోపాలది. రెండో గీత మొదటిదానితో సమానంగా లేచిందంటే మీ చేతిలో ఉన్నది మసికి దగ్గరి చుట్టం.

ఇప్పుడు మీ దీపానికి నేను చేయమనేది. 3000 డిగ్రీల పనిని వేరే కొలిమిలో ఎవరో ఇప్పటికే చేసి పెట్టారు, ఆ షీటును తెచ్చి అతికించండి. షీట్ల డేటాషీట్లలో 25 మైక్రాన్ల రకానికి 1600 దాకా వాహకత ఉంటుంది. గుణిస్తే 0.04, మీ అల్యూమినా కంటే ఎక్కువ. రెండూ కలిస్తే 0.064. నడుమకూ పలక సగటుకూ ఉన్న తేడా నా లెక్క ప్రకారం 41 డిగ్రీల నుంచి 15కు దిగాలి. మందమైన షీటు కొంటే మందం పెరిగినంతా లాభం పెరుగుతుందనుకోకండి. 70 మైక్రాన్లకు 1000, 100 మైక్రాన్లకు 700 ఉంటుంది. రెండూ 0.07 దగ్గరే తేలతాయి.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. 100 మైక్రాన్ల రాగి రేకు కూడా 0.04 ఇస్తుంది. మీకు బరువు, మందం, వంగడం ముఖ్యం కాకపోతే రాగి తక్కువదేమీ కాదు. 1 మిల్లీమీటరు అల్యూమినియం నైట్రైడ్ ఒంటరిగానే 0.17 ఇస్తుంది. గ్రాఫైట్ మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ అంకెలను దాచలేను.

దీపకళిక

కొలిమిసెగ గారూ, మీ జవాబును రెండుసార్లు చదివి, లెక్కలు కాగితం మీద మళ్లీ వేసుకున్నాను. ఇంతకాలం మందాన్ని అసలు పట్టించుకోలేదని ఇప్పుడు అర్థమైంది. ఒక సందేహం మిగిలింది. షీటుతో వచ్చే జిగురు పొర వాహకత 0.2 మాత్రమే అని రాసి ఉంది. అది వేడికి అడ్డం పడి షీటును పనికిరాకుండా చేయదా?

కొలిమిసెగ

సరైన చోట అనుమానపడ్డారు. జవాబు మీరు వేడిని ఎటు పంపదలచుకున్నారో దాన్ని బట్టి ఉంటుంది.

జిగురు మందం 10 మైక్రాన్లు, వాహకత 0.2 అయితే, ఒక చదరపు మిల్లీమీటరు గుండా ఒక వాటు వేడి దాటడానికి 50 డిగ్రీల తేడా కావాలి. మీ 1 మిల్లీమీటరు అల్యూమినాను నిలువునా దాటడానికి 42 చాలు. నూరో వంతు మందం ఉన్న జిగురు మొత్తం పలక కంటే ఎక్కువ అడ్డుపడుతోంది! షీటు వెనక హీట్ సింక్ ఉండి, చిప్పుల కింది 25 చదరపు మిల్లీమీటర్ల నుంచే వేడి నేరుగా దిగాల్సి వస్తే, ఆ జిగురు ఒక్కటే వాటుకు 2 డిగ్రీలు తినేస్తుంది. అక్కడ ఈ షీటును వాడమని చెప్పను. గ్రాఫైట్ అడ్డంగా మోసే వేడి తక్కువే అయినా, 25 మైక్రాన్లే కాబట్టి దానివల్ల నష్టం, జిగురుకు 50 వచ్చిన ఆ చదరపు మిల్లీమీటరు లెక్కలో, 2.5 డిగ్రీలు మాత్రమే. తప్పంతా జిగురుదే.

మీ పలకలో వేడి షీటులోకి దిగి వెనక్కి పోనక్కర లేదు, పక్కలకు పాకితే చాలు. షీటు వెనక ముఖమంతా కప్పి ఉంటే, జిగురును దాటడానికి వేడికి చిప్పుల చుట్టూ బోలెడు చోటు దొరుకుతుంది. లెక్క వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు దూరం పాకేసరికే వేడి పలకా షీటూ పంచుకుంటాయి. 50 మిల్లీమీటర్ల పలకలో ఆ ఒక్క మిల్లీమీటరు పెద్ద నష్టం కాదు.

గాలి బుడగలను మాత్రం క్షమించకండి. 25 మైక్రాన్ల గాలి అదే లెక్కలో దాదాపు 1000 డిగ్రీలు అడుగుతుంది, జిగురుకు ఇరవై రెట్లు. పలకను ఆల్కహాలుతో తుడిచి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి, రబ్బరు రోలరుతో మెల్లగా నొక్కుతూ అతికించండి. షీటు మీద మడత పడితే అది మళ్లీ మామూలు కాదు, ఇంకో ముక్క తీసుకోండి.

వోల్టుకాపలా

వేడి గురించి అంతా బాగా చెప్పారు. కరెంటు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అల్యూమినాను ఎంచుకునేదే అది కరెంటును ఆపుతుందని. దాని మీద గ్రాఫైట్ అంటించడమంటే కరెంటు వెళ్లే రేకును అంటించడం.

నేను పనిచేసిన ఒక చోట మోటారు నడిపే బోర్డుకు గ్రాఫైట్ షీటు వేశారు. బ్లేడుతో కోసి, అంచులను అలాగే వదిలేశారు. కొన్ని రోజులకు ఒక బోర్డు ఉన్నట్టుండి కాలిపోయింది. భూతద్దం కింద చూస్తే అంచు నుంచి ఊడిన గ్రాఫైట్ పొలుసు రెండు తీగల మధ్య పడుకుని ఉంది. మిగతా బోర్డులన్నీ విప్పి చూడటానికి నాలుగు రాత్రులు పట్టింది. ఆ రోజు నుంచి గ్రాఫైట్ అంచును తెరిచి ఉంచిన ఏ బోర్డునూ నేను ఒప్పుకోవడం లేదు. షీటును పలక అంచుకు 2 మిల్లీమీటర్లు లోపలే ఆపి, దాని మీద పాలీఇమైడ్ పొరను అన్ని వైపులా దాటేలా కప్పి మూసేయండి. ఆ పొర మీద మెరుపు లేని రంగు వేస్తే కొలతబద్ద గారు చెప్పిన ఉద్గారత కూడా తిరిగి వస్తుంది.

మీ దీపంలో నేరుగా మెయిన్స్ నుంచి నడిచే సర్క్యూటు ఉంటే ఇంకో విషయం. అల్యూమినా రోధక స్థిరాంకం (డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్) 9.8 దాకా ఉంటుంది. ముందు వైపు రాగి మీ పలకలో పావు వంతు కప్పినా, వెనక గ్రాఫైట్‌తో కలిసి సుమారు 54 పికోఫారడ్ల కెపాసిటర్ అవుతుంది. వేగంగా స్విచ్ అయ్యే సర్క్యూటులో వోల్టేజీ నానోసెకనుకు 10 వోల్టులు మారితే అందులోంచి అర ఆంపియరు కుదుపు పోతుంది. షీటును గాలిలో వేలాడనివ్వకుండా సర్క్యూటులోని నిలకడైన బిందువుకు కలపండి. దీపం గుల్ల అల్యూమినియందైతే గ్రాఫైట్ దానికి తగలకూడదు. తేమ చేరితే గ్రాఫైట్ క్షేమంగానే ఉంటుంది, అల్యూమినియం తినేయబడుతుంది.

దీపకళిక

పది రోజుల తర్వాత ఫలితాలు పెడుతున్నాను.

నా ఎల్‌ఈడీలకు స్థిరమైన తక్కువ వోల్టేజీ సరఫరా ఉంది, స్విచ్ అయ్యే భాగం పలక మీద లేదు. అయినా వోల్టుకాపలా గారు చెప్పినట్టే అంచులు మూశాను. 25 మైక్రాన్ల షీటు, 46 మిల్లీమీటర్ల చదరం, పైన పాలీఇమైడ్, దాని మీద మెరుపు లేని నల్ల రంగు. మొదటి ముక్కలో చిప్పుల కిందే బుడగ పడింది, తీసేశాను. రెండోది శుభ్రంగా అతికింది.

గది 30 డిగ్రీలు, 4 వాట్ల వేడి, గంటన్నర ఆగి తీసిన కొలతలు. నడిమధ్య 108. మూలల్లో 86. కెమెరాను నల్ల టేపు మీద పెట్టి చూస్తే 107. రెండు పరికరాలూ మొదటిసారి ఒకే మాట చెప్పాయి. నడుమ 22 డిగ్రీలు దిగింది, మూలలు 4 డిగ్రీలు పెరిగాయి. మూలల ఉష్ణోగ్రత పెరగడం చూసి ఇంత ఆనందిస్తానని ఎప్పుడూ అనుకోలేదు. అవి ఇప్పుడు పని చేస్తున్నాయి.

కొలిమిసెగ గారి లెక్క ప్రకారం 26 డిగ్రీలు తగ్గాలి. మిగిలిన నాలుగూ జిగురు వల్ల కొంత, షీటును అంచుకు 2 మిల్లీమీటర్లు లోపలే ఆపడం వల్ల కొంత పోయి ఉంటాయనుకుంటున్నాను. పోలిక కోసం ఇంకో పలకకు 100 మైక్రాన్ల రాగి రేకు అదే జిగురుతో అంటించి చూశాను: 109. బుద్ధిగా అదే చోట ఆగింది. దీపం వంపులో పలక పక్కన ఉన్న సందు చాలా తక్కువ, బరువు కూడా ముఖ్యం కాబట్టి గ్రాఫైట్‌తోనే ముందుకు వెళ్తున్నాను.

కొలిమి కోరిక మాత్రం తీరలేదు. నికెల్ పూసిన రెండు పలకలు సంపాదించాను. వాయువుల విషయం తెలిసిన ఒక మిత్రుడు పక్కన ఉంటానన్నాడు, ఆయన వచ్చిన రోజే కొలిమి వెలిగిస్తాం. రామన్ గీతలు చేతికి రాగానే ఈ ప్రశ్న కిందే పెడతాను.

కొలిమిసెగ

22 డిగ్రీలు! చాలా బాగుంది. నికెల్ మందం ఎంత వేయించారు? 300 నానోమీటర్ల లోపు అయితే కొలిమిలో పెట్టే ముందు ఇక్కడ ఒక్క మాట చెప్పండి, పూసలు కట్టకుండా చూడటం గురించి నా పాత పుస్తకంలో రాసిపెట్టుకున్నవి వెతికి ఇస్తాను.